దుబాసి అత్త

పొద్దుటూరు బంగారంగడికి బురఖాలో ఒకామె వస్తే చాలు, అంగడాయన “ఆవ్ మా, బైఠో” అంటాడు. ఆ ఉర్దూలో వ్యాకరణం చచ్చిపోయి ఉంటుంది గానీ గాజులు మాత్రం అమ్ముడుపోతాయి. ఆ బురఖా ఆమే నిద్రపట్టక పిచ్చి డాక్టరు దగ్గరికి పోతే, ఆయనకు తెలుగొచ్చు, ఇంగ్లీషు ఇంకా బాగా వచ్చు. ఆమెకు తెలుగు రాదా? బేరమాడేంత వచ్చు. ఏడుపే తెలుగులో రాదు.

“దిల్ గబ్రారా, నీంద్ నై ఆరీ” అంటుందామె. పక్కనున్న నర్సమ్మ పుణ్యానికి సాయం చేస్తుంది: “గుండె అంట సార్.” ఇంకేం, ఈసీజీ. గుండె గడియారంలా కొట్టుకుంటోంది. జబ్బేం లేదు, ఈ గ్యాసు మాత్రలేసుకో, పో!

తమాషా చూడండి. గాబరా, బేజారు, పరేషాను... మన దిగులుకు మన మాటలు చాలక ఆ వైపునుంచి అప్పు తెచ్చుకున్నవే. మన నోట్లో పడితే తెలుగు, అప్పిచ్చినామె నోట్లో ఉంటే అర్థంకాని గోల. 1820లో కడపకొచ్చిన బ్రౌను దొర, తెలుగులో కలిసిపోయిన ఇలాంటి పరాయి మాటలకే 1854లో ఒక నిఘంటువు అచ్చేయించాడు. కుంపిణీ కొలువు చేసినాయనకున్న ఓపిక మందుచీటీ రాసే చేతికి లేకపోయె.

చట్టాలకేం కొదవలేదు. రోగికి అర్థమయ్యే భాషలోనే జబ్బు సంగతి చెప్పాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షను. ఉర్దూ రాష్ట్రానికి రెండో అధికార భాష అని 2022లో అసెంబ్లీ. అలా ఉర్దూ బోర్డెక్కింది. బోర్డు మీదనుంచి డాక్టరు చెవిలోకి దిగే మెట్లకే ఇంకా టెండరు పిలిచినట్టు లేదు.

అందాకా దుబాసీలను రోగులే తెచ్చుకోవాల. జమ్మలమడుగు తల్లి పదేళ్ల కొడుకును బడి మాన్పించి తెస్తుంది. అమ్మకు బతకాలని లేదన్న ముక్కను వాడు తెలుగు చేసి చెప్పాల. తెలుగు వాచకంలో ఆ పాఠం ఇంకా రాలేదు, పాపం.

పులివెందుల కోడలికి ఆ తిప్పల్లేదు. అత్తే తోడొచ్చింది.

“ఇంట్లో ఏమన్నా ఇబ్బందా?” అన్నాడు డాక్టరు.

కోడలు కొంగు నోట్లో కుక్కుకుని అయిదు నిమిషాలు చెప్పింది. అత్త ఓపిగ్గా విని, డాక్టరు వైపు తిరిగింది.

“ఏం లేదంట సార్. అత్త బాగా చూసుకుంటాదంట.”

డాక్టరు చీటీలో రాసుకున్నాడు: కుటుంబ సహకారం, బాగుంది.