బరువెక్కిన బందూకు

కరీంనగర్‌లో ముకరంపుర, మంకమ్మతోట వైపు, ఆదిలాబాద్‌లోనైతే ఏ పాత వీధిలోనైనా ఒక రకం పెద్దమనిషి తప్పకుండా కనిపిస్తాడు. తెల్ల చొక్కా, తెల్ల ధోతి. కారు కొడుకుది. ఊళ్లో గడీకి తాళం, తాళంచెవి మాత్రం ఈయన దగ్గర. భూమి సీలింగు కింద కొంత, కొడుకుల చదువులకు కొంత కరిగిపోయింది. మిగిలినవి రెండే: ఇంటిపేరు, డబుల్ బ్యారెల్ బందూకు. ఇంటిపేరు పెళ్లిపత్రికల్లో, బందూకు లైసెన్సు పుస్తకంలో భద్రంగా ఉన్నాయి.

ఈయన ఏ ముచ్చట మొదలుపెట్టినా మూడో మాటకు అడవిలో ఉంటాడు. మీరు టమాట ధర ఎత్తారనుకోండి, "టమాటంటే యాదికొచ్చింది, జన్నారం అడవిల మా బాపు ఒకపారి..." అంటూ అందుకుంటాడు. చెప్పిన ప్రతిసారీ పులి జానెడు పెరుగుతుంది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఈయనకు మిగిలిన వేట ఇదొక్కటే. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం అయ్యాక పరిస్థితి పూర్తిగా తిరగబడింది. ఇప్పుడు ఆ అడవిలో రక్షణ పులికి, అనుమానం ఈయన మీద.

బందూకు బర్మింగ్‌హామ్‌ది, 12 బోరు. ఏటా దసరాకు కుంకుమ బొట్టు, నెలకోసారి కుట్టుమిషన్ నూనె దానికి తప్పవు. ఎన్నికలొస్తే ఠాణాకు పోతుంది, ఫలితాలొచ్చాక ఇంటికొస్తుంది. పేలిన చప్పుడు కన్నా రశీదు చింపిన చప్పుడే ఎక్కువసార్లు విన్న బందూకు అది. 1978లో దొరల మీద రైతుకూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర తర్వాత దొరలు గడీలు వదిలి పట్నం చేరుతున్న రోజుల్లో చాలామంది బందూకులు నక్సలైటు అన్నలు పట్టుకుపోయారు. "నాది మాత్రం ఎవ్వనికీ ఇయ్యలే" అని మీసం మీద చెయ్యి వేస్తాడీయన. అప్పుడది ఠాణాలో డిపాజిట్‌లో ఉందన్న సంగతి లోపలి నుంచి దొరసాని చెబుతుంది.

అంతా బాగానే ఉండేది, మనుమడు హైదరాబాద్‌లో ట్రాప్ అనే క్లే షూటింగ్ ఆట నేర్చుకోకపోతే. సెలవుల్లో తాతను గచ్చిబౌలి రేంజికి తీసుకుపోయాడు. అక్కడ పులీ లేదు, పావురమూ లేదు. తారులాంటి జిగురు, సుద్దపొడి కలిపి చేసిన 110 మిల్లీమీటర్ల పల్లెం, బరువు 105 గ్రాములు. ముందు 15 మీటర్ల దూరంలో కందకం, అందులో యంత్రం. నిలబడి "పుల్" అని అరిస్తే మైకు విని యంత్రం పల్లేన్ని గాల్లోకి విసురుతుంది. ఎటు పోతుందో ముందే తెలియదు. తుపాకి ఎక్కుపెట్టి కాల్చడానికి దొరికేది రెప్పపాటు.

దొరగారు నిలబడ్డారు. "పుల్" అనడం నామోషీ అనిపించి, అలవాటు ప్రకారం "ఎవడ్రా ఆడ!" అని గద్దించారు. మైకుకు కావలసింది శబ్దమే కదా, పల్లెం రివ్వున లేచింది. చాలా ఏళ్ల తర్వాత ఆయన కేకకు వెంటనే పలికింది అదొక్కటే. అయితే అది కూడా ఆగలేదు, సీదా పోయి గడ్డిలో పడింది. పాతిక పల్లేలు అలాగే పోయాయి. భుజం వాచింది. దొరగారు తీర్పు చెప్పారు: "నా గురి తప్పలే. బందూకు బరువైంది."

ఆ రోజు నుంచి తేలిక బందూకు వేట మొదలైంది. తుపాకుల దుకాణాదారు త్రాసు మీద పెట్టి చూపించాడు. దొరగారిది మూడు కిలోలే, మనుమడి ట్రాప్ తుపాకి 3.6 కిలోలు.

"ఇంకా తేలికది కావాలంటే 20 బోరుంది దొరా, 2.7 కిలోలు. కానీ దీంట్ల, మీ మనుమని దాంట్ల అదే 24 గ్రాముల సీసపు రవ్వల తూటా పేలిస్తే, తేలికది మూడో వంతు ఎక్కువ శక్తితో తంతది. చేతికి సుఖం, భుజానికి దుఃఖం."

"తన్నకుండ తేలికగుండేది లేదా?"

"తూటా లేకుంటే ఉంటది దొరా."

పాపం, దుకాణాదారు ఓపికగా ఇంకా చెప్పాడు. తేలిక గొట్టం తొందరగా కదులుతుంది, తొందరగా ఆగిపోతుంది కూడా. అది ఆగితే రవ్వలు పల్లెం వెనక నుంచి పోతాయి. బరువు తగ్గించడం కన్నా బందూకు మడమ పొడవు చేతికి సరిపోయేలా చేయించుకోవడం, దాని చివర రబ్బరు మెత్త వేయించుకోవడం మేలు. పైగా 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సు మీద రెండు తుపాకులకు మించి ఉండొద్దు. దొరగారికి ఇవేవీ ఎక్కలేదు. "ఆ కాలంల ఇదే బందూకు దూదిలెక్కుండె" అన్నారు.

ఆ మాటకు జవాబు దొరసాని ఇచ్చింది. "అప్పుడు మీరు మోసిండ్రా? మోసింది జీతగాడు."

నిజమే. ఆ కాలపు వేటంటే ముందు డప్పులతో అడవిని కదిపేవాళ్లు, పక్కన నీళ్లకుండ ఒకరికి, తూటాల సంచి ఒకరికి, బందూకు ఒకరికి. అంతా వెట్టి. జంతువు ఎదురుపడ్డ క్షణానికి బందూకు దొర చేతికొచ్చేది, పేలగానే మళ్లీ జీతగాడి భుజానికెక్కేది. ఆ మూడు కిలోలు అప్పుడూ మూడు కిలోలే, కాకపోతే లెక్క ఇంకొకరి భుజం మీద ఉండేది. జీతగాడి కొడుకు సింగరేణిలో చేరాడు, మనుమడు బీటెక్ చదివాడు. బందూకు బరువెక్కడం అప్పుడు మొదలైంది.

మనుమడు సర్దిచెప్పబోయాడు. "తాతా, మన హైదరాబాద్ కైనన్ చెనాయ్ 2016ల రియో ఒలింపిక్స్‌కు పోయిండు. 2023ల హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలల్ల ట్రాప్ జట్టుతోని బంగారం కొట్టిండు. ఈ ఆటల ఎవ్వరి తుపాకి వాళ్లే మోయాలె."

"ఆయనది ఏ ఊరి గడీ?"

"గడీ లేదు తాతా. ప్రాక్టీసుంది."

దొరగారు నొచ్చుకున్నారు. బేరం పోయేలా ఉందని దుకాణాదారు చివరి మాటగా, "దొరా, విదేశాలల్ల తుపాకి, తూటాలు పెట్టుకొని నూకుకుంట పొయ్యే చక్రాల బండ్లున్నయ్. కావాలంటే తెప్పిస్త. బందూకు ఎంత బరువున్నా ఫికరుండదు" అన్నాడు.

దొరగారి మొహం వెలిగింది. జేబులోంచి పర్సు తీశారు, అంతలోనే ఆగి అడిగారు: "బండి సరే. బండి నూకేటోడు?"