ఇంజన్ ఆయిల్ సూత్రము: టీకా తాత్పర్య సహితము

అవతారిక
గేర్ల బండి ఉన్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఆయిల్ షాపు ముందు తెల్లమొహం వేసుకుని నిలబడవలసినదే. డబ్బాల ముందువైపు మంటలు, రేసుబండ్లు, ‘పవర్’ అన్న మాట. ప్రబంధాల్లో అష్టాదశ వర్ణనల్లాగా, కథ నడవకపోయినా అవి ఉంటాయి. మూలం మాత్రం వెనకవైపు చీమతలకాయంత అక్షరాల్లో ఉంటుంది. పూర్వవ్యాఖ్యాతలైన మెకానిక్కులు దాన్ని చూడకుండానే ‘‘ఏదైనా ఒకటేనన్నా, పోసేద్దాం’’ అని తేల్చేసినందున ఈ టీక రాయవలసి వచ్చింది.

మూలము
10డబ్ల్యూ-30, 4టీ, ఏపీఐ ఎస్ఎల్, జాసో ఎంఏ2.

ప్రతిపదార్థము
10డబ్ల్యూ = చలిలో ఆయిల్ ఎంత పలుచగా పారునో తెలుపు అంకె. డబ్ల్యూ అనగా వింటర్. దీని పరీక్ష మైనస్ 25 డిగ్రీల వద్ద జరుగును. రామగుండములోనే కాదు, లంబసింగిలోనూ అంతటి అక్కర రాదు.
30 = ఇంజన్ కాగి, ఆయిల్ 100 డిగ్రీల యందున్నప్పటి చిక్కదనము. ఎండలు మండుచున్నవి గదా అని 50 పోయుదమనువారు బండితో వచ్చిన పుస్తకమును చూడవలెను. చిన్న బండ్లు పెక్కింటికి 10డబ్ల్యూ-30, క్లాసిక్ 350కి 15డబ్ల్యూ-50 విహితము.
4టీ = నాలుగు స్ట్రోకుల ఇంజనుకు తగినది. 2టీ పెట్రోలుతో కూడి పొగయై పోవును. రెండు స్ట్రోకుల ఆర్ఎక్స్ 100 భక్తులు ఇచట ఆగవలెను. వారి క్లచ్ గేర్ల ఆయిల్‌లో వేరుగా మునిగియుండును.
ఏపీఐ ఎస్ఎల్ = అమెరికా పెట్రోలియం సంస్థవారి శ్రేణి. 2001 నాటిది. తరువాత ఎస్ఎం, ఎస్ఎన్, ఎస్పీ వచ్చినవి.
జాసో = జపాను వాహన ప్రమాణముల సంస్థ యొక్క,
ఎంఏ2 = క్లచ్ పట్టు సడలనీయని తరగతి. ఇది పట్టభద్రులకిచ్చు పట్టా కాదు.

తాత్పర్యము
కారు క్లచ్ సాధారణంగా ఇంజన్ ఆయిల్‌కు తగలదు. పొడిగా వేరేచోట కూర్చుంటుంది. మన గేర్ల బండ్లలో ఎక్కువవాటికి ఆ భాగ్యం లేదు. ఒకే ఆయిల్ పిస్టన్‌ను కాపాడాలి, గేర్లను తడపాలి, క్లచ్ ప్లేట్లను చల్లబరచాలి. మొదటి రెండుచోట్లా జారుడు కావాలి, మూడోచోట పట్టు కావాలి. ఇంతకు మించిన విరోధాభాసం మన ఆలంకారికులకు కూడా దొరకలేదు. స్టీలు ప్లేటు, రాపిడి ప్లేటు ఒకటి విడిచి ఒకటిగా ఆయిల్‌లో ఉంటాయి. స్ప్రింగులు వాటిని అదిమిపట్టుకుంటేనే చక్రానికి బలం వెళుతుంది. మైలేజీ కోసం కారు ఆయిళ్లలో కలిపే మాలిబ్డినం వంటి జారుడు మందులు ఆ ప్లేట్ల మధ్యకీ చేరతాయి. అప్పుడు ఘాట్ రోడ్డు మీద రేజ్ ఇస్తే ఇంజన్ అరుస్తుంది, బండి ఊపందుకోదు.

విశేషములు
ఈ ఇబ్బంది ముదిరాకే జపానువారు మోటార్‌సైకిళ్లకు వేరే ప్రమాణం రాశారు. ప్లేట్లను ఆయిల్‌లో తిప్పి, నడుస్తుండగా ఎంత రాపిడి, నిలిచివుంటే ఎంత, ఆగడానికి ఎంతసేపు అని మూడు కొలతలు తీస్తారు. ఎక్కువ పట్టు ఉన్నది ఎంఏ, తక్కువది ఎంబీ. 2006లో ఎంఏను మళ్లీ ఎంఏ1, ఎంఏ2గా విడదీశారు. రెండోదానికి పట్టు ఎక్కువ.

పాఠాంతరము: కొన్ని డబ్బాలపై ‘ఎంబీ’ అని ఉంటుంది. అది గేర్లులేని స్కూటర్లకు సాధుపాఠమే, వాటి క్లచ్ పొడిది. స్ప్లెండర్‌కు మాత్రం అపపాఠం.

పూర్వపక్షము: సింథటిక్ పోస్తే క్లచ్ జారుతుందని ఒక వాదం. ఇది పుకారు. జార్చేది ఆయిల్ పుట్టుక కాదు, అందులో కలిపిన మందు. ఎంఏ2 ముద్ర ఉన్న సింథటిక్‌ను నిశ్చింతగా పోయవచ్చు. ఖరీదైన కారు ఆయిల్ మేలు కదా అనే రెండో వాదానికి జవాబు దాని ఏపీఐ ముద్ర కిందే ఉంటుంది: అక్కడ ‘రిసోర్స్ కన్సర్వింగ్’ అని కనిపిస్తే డబ్బా అక్కడే పెట్టేయాలి. ఇంట్లో ట్రాక్టర్ ఆయిల్ మిగిలింది, పోసేస్తే పోలా అనేవారూ ఉన్నారు. డీజిల్ ఆయిళ్లలో కొన్నిటికి ఎంఏ ముద్ర ఉంటుంది. ఉంటే సరే; లేకపోతే దాన్ని ట్రాక్టర్‌కే ఉంచండి.

ఒక మనవి. క్లచ్ వైరు మరీ బిగువైనా ప్లేట్లు జారతాయి, అరిగిపోయినా జారతాయి. ఆయిల్‌ను తిట్టే ముందు లీవరు దగ్గర కాస్త వదులుందో లేదో చూడండి.