గుళికాసూత్రం: టీకా, తాత్పర్యం

మూలం: “గదే మాల్ పటేలా, పేరొక్కటే వేరే. తీస్కపో, ఏం గాదు.”

అవతారిక. నిజాంసాగర్ కాలువ కింద బీర్కూర్, కోటగిరి, బాన్సువాడ వైపు నాట్లు పడి రెండు మూడు వారాలు కాగానే మందుల దుకాణాల్లో ఈ సూత్రం వినబడుతుంది. మొగి పురుగుకని పేరున్న కంపెనీ గుళికలు అడిగిన రైతు ముందు ఎన్నడూ వినని పేరు గల సంచి వచ్చి పడుతుంది, దాని వెనకే ఈ వాక్యం. ప్రతిపదార్థం వదిలేస్తున్నాం, మాల్ అంటే ఏమిటో, పటేలు ఎవరో తెలియనివారు ఈ ఆయకట్టులో లేరు. విచారించవలసింది సూత్రకర్తను గురించి. వేదాన్ని ఎవరూ రచించలేదు, కాబట్టి రచయిత పొరపాటు అందులో ఉండే వీలే లేదని మీమాంసకుల వాదం. ప్రస్తుత సూత్రమూ సరిగ్గా అలాంటిదే. దుకాణదారును అడిగితే డిస్ట్రిబ్యూటర్ చెప్పాడంటాడు. డిస్ట్రిబ్యూటర్ను అడిగితే కంపెనీ మనిషి చెప్పాడంటాడు. సంచి తిప్పి చూస్తే తయారుచేసింది ఒకరు, అమ్మకం చేసేది ఇంకొకరు, చిరునామా ఎక్కడిదో ఒక పారిశ్రామిక వాడలోని ప్లాటు నంబరు. పంట పోయిన రోజు ఎంత వెతికినా ఈ మాట అన్నవాడు దొరకడు. మాటకు కర్త లేడు, కనుక దోషమూ లేదు.

ఇక పూర్వపక్షం. పేరు లేని సరుకంతా నకిలీ అనడం అన్యాయమని సూత్రవాదులు అంటారు. వాళ్ల పక్షాన చట్టమే ఉంది. 1968 నాటి పురుగుమందుల చట్టం తొమ్మిదో సెక్షను నాలుగో ఉపవిభాగం ప్రకారం, ఒకరి పేరున నమోదైన మందును అవే షరతుల మీద ఇంకొకరు కూడా నమోదు చేయించుకోవచ్చు. మొగి పురుగు గుళికల్లో ఇప్పుడు బాగా చెల్లుబాటయ్యే క్లోరాంట్రానిలిప్రోల్ మీద పేటెంటు 2022 ఆగస్టుతో ముగిసింది. ఢిల్లీ హైకోర్టులో పేటెంటుదారు ఎఫ్ఎంసీతో తలపడిన మన హైదరాబాద్ కంపెనీ నాట్కో అదే ఏడాది ఆ మందును తన పేరుతో బజారులోకి తెచ్చింది. ఇందులో తప్పేమీ లేదు, పైగా రైతుకు మేలే. ఒక్క కంపెనీ చేతిలో ధర చిక్కుకోకూడదు. కాబట్టి సూత్రం అబద్ధమని కొట్టిపారేయలేం. ఎంతవరకు నిజమో తూచి చూడాలి.

తూకం కష్టమైనదేమీ కాదు. సంచి మీద 0.4 శాతం అని అచ్చయి ఉంటుంది. ఎకరానికి చల్లేది నాలుగు కిలోలు. అందులో అసలు మందు పదహారు గ్రాములు. మిగిలిన మూడు కిలోల తొమ్మిది వందల ఎనభై నాలుగు గ్రాములు ఆ పదహారు గ్రాములను మోసే వాహనం: గింజ, దాని మీది పూత, పూతను పట్టి ఉంచే జిగురు, రంగు. “గదే మాల్” అన్నది నిజమే అయితే ఆ పదహారు గ్రాముల మట్టుకే నిజం. మందు నీళ్లలోకి ఏ వేగంతో దిగాలో, వేళ్లకు ఎన్నాళ్లు అందుతుండాలో నిర్ణయించేది మిగతా భాగమే. మంచి గుళికల సంచి విప్పితే గింజలన్నీ దాదాపు ఒకే సైజులో ఉంటాయి, అడుగున పొడి చేరదు. నాసిరకం సంచిలో అడుగున పిండి చేరి ఉంటుంది. బురదనీళ్లలో పడీ పడగానే రంగంతా ఒక్కసారి విడిచి, గింజ ఇసుకరేణువై మిగులుతుంది. పదహారు గ్రాముల మీద ప్రమాణం చేసి నాలుగు కిలోలకు డబ్బు తీసుకోవడం ఏ న్యాయం కిందికి వస్తుందో తార్కికులే చెప్పాలి.

ఇదే తర్కం తూటాల లోకంలోనూ నడుస్తోంది. కాల్చిన తూటా గొట్టాలను మళ్లీ ఇంట్లోనే నింపుకునే అలవాటు అమెరికాలో ఉంది. తూటా అడుగున అర సెంటీమీటరు వెడల్పుండే టోపీ ఒకటి ఉంటుంది. తుపాకీలోని సూది దాన్ని కొడితేనే లోపలి మందు అంటుకుంటుంది. 2020 తర్వాత అలవాటైన కంపెనీల టోపీలు దొరక్క బోస్నియా నుంచి, అర్జెంటీనా నుంచి వచ్చిన కొత్త పేర్లు కొన్నప్పుడు అక్కడా ఇదే సూత్రం వినబడింది: మాల్ అదే, పేరే వేరు. చాలాసార్లు నిజమే అయింది కూడా. అయితే రేకు కాస్త గట్టిదైతే సూది దెబ్బ చాలదు, టోపీ పేలదు. అంతకన్నా చెడ్డది ఆలస్యంగా పేలడం. అందుకే పేలని తుపాకీని అర నిమిషం పాటు గురి కదపకుండా పట్టుకోవాలంటారు. తూటా మొత్తంలో చవకైన ముక్కల్లో ఈ టోపీ ఒకటి, అది తప్పితే మిగతా ఖర్చంతా దండగే. గుళికల సంగతీ ఇంతే. నాటు, కైకిలి, దున్నకం, యూరియా అన్నిటి పక్కన గుళికల ఖర్చు లెక్కలోకి రాదు. ఆలస్యంగా పనిచేస్తే ఈలోపు పురుగు కాండంలోకి దూరిపోతుంది, ఆ తర్వాత కనిపించేది ఎండిన మొవ్వు. దానికి వైద్యం లేదు. తుపాకీ వాడికి ఒక సౌకర్యం ఉంది: కొత్త టోపీలు పది కాల్చి చూసి, నచ్చకపోతే పక్కన పెట్టవచ్చు. రైతుకు వానాకాలం ఏడాదికొక్కసారే వస్తుంది. ఇంకో విశేషం. మన 1959 ఆయుధాల చట్టం తూటా విడిభాగాన్ని కూడా మందుగుండు కిందే లెక్కగట్టి కొనేవాణ్ని లైసెన్సు అడుగుతుంది. టోపీకి ఉన్న మర్యాద గుళికకు లేదు.

ఇక్కడ మల్లినాథసూరిని తలవకపోతే వ్యాఖ్యానమే కాదు. ఆయనది మెదక్ జిల్లా కొల్చారం. ఆ ప్రాంతం మీదుగా పారే మంజీరాయే కిందికి వచ్చి, 1931లో పూర్తయిన నిజాంసాగర్లో నిలిచి, కాలువల గుండా ఈ మళ్లలోకి వస్తుంది. అంటే మన గుళికలు కరిగేది మహావ్యాఖ్యాత ఊరి నీళ్లలో. కాళిదాసు కావ్యాల మీద సంజీవని, భారవి మీద ఘంటాపథం, మాఘుడి మీద సర్వంకష, నైషధం మీద జీవాతువు ఆయన రచనలు. ఈ పేర్లను మందుల సీసాల మీద ఎందుకు వాడుకోలేదో ఆశ్చర్యం. సర్వంకష పెట్టి చూడండి, దోమ పేరు వినే పారిపోతుంది. జీవాతువు ఏ బయో టానిక్కుకైనా అతుకుతుంది, ముఖ్యంగా లోపల ఏముందో ఎవరూ అడగని రకానికి. అలాంటి బయో సరుకుల మీద ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కన్ను పడిందే 2021లో. సంజీవనికి మాత్రం ఒక కథ ఉంది. చెడ్డ వ్యాఖ్యానాల విషం ఎక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందట, దాన్ని లేపడానికే ఈ సంజీవని అని సూరిగారు మొదట్లోనే చెప్పుకున్నారు. అంటే ఈ నది ప్రాంతపు పండితుడి అతి గొప్ప పుస్తకం తన్ను తాను విరుగుడు మందుగా ప్రకటించుకుంది! అంతటితో ఆగలేదు, రెండు షరతులు పెట్టుకున్నారు: ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. ఆరు వందల ఏళ్ల కిందటి ఈ రెండు షరతులను సంచుల మీది రాతలకు వర్తింపజేస్తే చాలా సంచుల మీద బరువు, తేదీ, విషచిహ్నపు చతురస్రం తప్ప మరేమీ మిగలవు. పచ్చటి పొలం, పహిల్వాన్ దండ, పరుగెత్తే పులి మొదలైనవన్నీ అనపేక్షితాలే.

ప్రమాణ విచారానికి వస్తే, సూత్రవాదుల గట్టి ఆధారం “నిరుడు ఫలానాయన గిదే చల్లిండు, మంచిగనే పండింది” అన్నది. నిరుడు ఆ మళ్లో పురుగు వచ్చిందా అన్నది తేలకుండా ఇది ప్రమాణం కాదు. పురుగు రాని ఏడు ఇసుక చల్లినా పండుతుంది. అర్థాపత్తి మాత్రం ఇక్కడ పనికొస్తుంది. దేవదత్తుడు పగలు తినడు, అయినా లావుగా ఉన్నాడు, కాబట్టి రాత్రి తింటున్నాడని శాస్త్రోదాహరణ. పేరున్న సంచి కన్నా తక్కువకు అమ్మి, ఆరు నెలలు ఉద్దర ఇచ్చి, ఆ పైన కంపెనీ టార్గెట్ కొట్టి విదేశయాత్రకు పోగలిగిన దేవదత్తుడు ఎక్కడ తింటున్నాడో ఊహించుకోవచ్చు.

“మరి రైతు ఎందుకు కొంటాడు? బిల్లు అడగొచ్చు కదా, అధీకృత డీలర్ దగ్గరే కొనమని గోడల మీద రాశాం కదా” అని అధికార వ్యాఖ్యాతలు ఆక్షేపిస్తారు. గోడ మీద రాసినవారికి ఉద్దర సంగతి తెలియదు. విత్తనం, ఎరువు, మందు ఒకే దుకాణంలో బాకీ మీద తెచ్చుకున్నవాడు పంట అమ్మేదాకా ఆ కౌంటరు దాటి పోలేడు, ఇచ్చిందే తీసుకోవాలి. నగదు ఉన్నవాడి చేతికి బిల్లు, ఉద్దర వాడి చేతికి చీటీ. అధీకృత డీలరే ఈ సంచి ఇస్తున్నప్పుడు గోడ మీది హితవు ఎవరికి? నమూనా తీసి ల్యాబుకు పంపితే నివేదికకు చట్టం ఇచ్చిన గడువు ముప్పై రోజులు. దాన్ని కాదనడానికి ఎదుటివాళ్లకు ఇరవై ఎనిమిది రోజులు. ఆ పైన ఫరీదాబాద్ కేంద్ర ప్రయోగశాల. వరి నూట ఇరవై రోజుల పైరు. నివేదిక వచ్చేసరికి కోతమిషన్ వచ్చేస్తుంది. జాతీయ విత్తన సంస్థ మీద మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు నడిపిన కేసులో 2012లో సుప్రీంకోర్టు రైతు కూడా వినియోగదారుడేనని, పరీక్షకని విత్తనం దాచిపెట్టలేదన్న కారణంతో అతన్ని పంపించేయడం కుదరదని తేల్చింది. ఘనమైన తీర్పే. కానీ వినియోగదారుడినని చూపడానికి కూడా కాగితం ఒకటి కావాలి, ఆ కాగితమే ఇవ్వడం లేదు.

చివరి పదం “ఏం గాదు”. ఎవరికి ఏం కాదో సూత్రం చెప్పలేదు. అమ్మినవాడికి, పంపినవాడికి, ప్లాటు నంబరుకు నిజంగానే ఏం కాదు, ఇప్పటిదాకా కాలేదు కూడా. పాఠాంతరం ఒకటి ఉంది, తాళపత్రాల్లో వెతకనక్కర్లేదు. సూత్రం మొత్తాన్ని బ్యాచ్ నంబరుతో సహా బిల్లు వెనక రాసి సంతకం పెట్టి ఇమ్మని అడిగితే చాలు, అప్పటికప్పుడే వినబడుతుంది: “గంత అనుమానముంటే కంపెనీదే తీస్కపో పటేలా.”