ఏడో వరుస

మా తెలుగు టీచర్ ఎర్ర సిరా వాడేది కాదు. తప్పులన్నీ పెన్సిల్‌తోనే దిద్దేది. "సిరాతోటి దిద్దితే ఆ తప్పు పుస్తకంల ఎప్పటికీ ఉంటది బిడ్డా. పెన్సిల్ గీతైతే, నీకు వచ్చిననాడు నువ్వే తుడిపేసుకుంటవు" అనేది.

ఇంకో నియమం కూడా ఉండేది. పాఠం చదివేటప్పుడు అక్షరం కింద వేలు పెట్టాలి. వేలు ఎక్కడ ఆగితే ఆ పదం రాలేదని ఆమెకు తెలిసిపోయేది. పక్కకు వచ్చి, మన వేలి పక్కనే తన వేలు పెట్టి, విడదీసి చదివించేది. నలుగురిలో పేరు పెట్టి పిలిచి సిగ్గుపరచడం ఆమెకు తెలియదు.

2003లో నేను ఆరో తరగతిలో చేరిన ఏడే ఆమె మా బడికి వచ్చింది. నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రం మాది. ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి. కింద నాలుగు గదులు, పైన రేకుల షెడ్డు. ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా కలిపితే రెండు వందల చిల్లర పిల్లలు. ఆమె అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ చేసింది. బీఈడీ చేయాలనుకునేసరికి చేతిలో ఆడపిల్ల, ఇంట్లో అత్తగారి జబ్బు. ఆ కోరిక అట్లాగే ఉండిపోయింది. భర్త ఆటో నడిపేవాడు.

పదిహేడేళ్లు పనిచేశాక ఆమె జీతం ఎనిమిది వేలు. ఏడాదికి పది నెలలే ఇస్తారు, ఎండాకాలం రెండు నెలలు ఉండదు. కవరులో ఎనిమిది వేలూ ఉండేవి కావు, ఏడున్నరే ఉండేవి. మిగతా ఐదు వందలు ఏవని ఒకసారి అడిగాను. "కోతలుంటయి బిడ్డా. మా లెక్కలు మాకుంటయి" అని మాట మార్చింది.

కరస్పాండెంట్ సార్ చెడ్డమనిషి కాదు. ఈ మాట ఇప్పటికీ అంటాను. లెక్కల మాస్టారుగా మొదలై అప్పు చేసి బడి పెట్టినవాడు. 2015లో నేను బీఈడీ మెమోలు పట్టుకుని, మిఠాయి డబ్బాతో బడికి వెళితే లేచి నిలబడి భుజం తట్టాడు. "జిరాక్సులు ఒక సెట్టు ఇచ్చిపో తమ్మీ, ఖాళీ పడితే నిన్నే పిలుస్త" అన్నాడు. ఒక ఫారం మీద సంతకం పెట్టి వచ్చాను. ఆ జూన్ మొదలు ఏటా బడి తెరిచే వారంలో పిలిచి ఐదు వేలు చేతిలో పెట్టేవాడు. "కోచింగుకు వాడుకో. మన బడిల చదివిన పిలగాడు సర్కారు మాస్టరైతే మాకే పేరు" అనేవాడు. ఆ ఐదు వేలతోనే దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్ అడ్వాన్సు కట్టాను. 2017 అక్టోబర్‌లో 8,792 టీచర్ పోస్టులకు టీఆర్‌టీ నోటిఫికేషన్ వచ్చింది. రాశాను, అందలేదు. ఆ తర్వాత మళ్లీ నోటిఫికేషన్ కోసం ఎదురుచూపే.

2020 మార్చి 25న, దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజే హాస్టల్ ఖాళీ చేయమన్నారు. పోలీస్ స్టేషన్ ముందు వందల మందితో వరుసలో నిలబడి పాసు తెచ్చుకుని, స్నేహితుడి బండి మీద ఊరు చేరాను. ఆ ఏడాదంతా మా టీచర్‌ను దగ్గర నుంచి చూశాను.

చిన్న ప్రైవేటు బడికి మార్చి అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. మా వైపు పత్తి, వడ్లు అమ్మాకే ఫీజులు కడతారు. సగం ఫీజులు పరీక్షల ముందు, హాల్ టికెట్లు ఇచ్చేటప్పుడే వసూలవుతాయి. బడులు మూతపడింది సరిగ్గా అప్పుడే. పదో తరగతి పరీక్షలు మధ్యలో ఆగిపోయి, జూన్ 8న రద్దయ్యాయి. తొమ్మిది దాకా పిల్లలందరినీ పరీక్షలు లేకుండానే పై తరగతికి పంపారు. ఫీజులు పెంచొద్దని, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలనెలా తీసుకోవాలని ఏప్రిల్‌లో జీవో 46 వచ్చింది. పెద్ద బడుల దోపిడీని ఆపడానికి అది కావాల్సిందే. మా బడికి మాత్రం నెల నెలా కట్టగలిగే తల్లిదండ్రులే లేరు. వ్యాన్ కిస్తీలు ఆగాయి. ఆ మార్చికి టీచర్లకు సగం జీతం ఇచ్చారు. తర్వాత అదీ లేదు.

జీతం ఆగింది గానీ ఆమె పాఠం ఆగలేదు.

తొమ్మిదో తరగతి వాట్సాప్ గ్రూపులో ముప్పై ఎనిమిది నంబర్లు ఉండేవి. అన్నీ తండ్రులవే. పగలు ఫోను తండ్రితో పొలానికో, వడ్ల కొనుగోలు కేంద్రానికో పోతుంది. అందుకే ఆమె రాత్రి ఎనిమిదికి పాఠం చెప్పేది. వంట ముగించి, కూతురి చేత ఫోను పట్టించి, గోడ మీద సుద్దతో రాసేది. రోజూ పదకొండు మంది వస్తే గొప్ప. సెప్టెంబర్ 1 నుంచి యాదగిరి ఛానల్‌లో, టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాక, ఫోన్లు లేనివాళ్లకు ఆ వేళలన్నీ చీటీల మీద రాసి పంపింది.

నోటుపుస్తకం ఫోటోలో పెన్సిల్‌తో దిద్దడం కుదరదు కదా. నెల రోజులు ఆ బాధ పడి, చివరికి ఒక ఉపాయం కనిపెట్టింది. చౌరస్తాలో కిరాణా కొట్టు ముందు ఖాళీ అట్టపెట్టె పెట్టించింది. పిల్లలు అందులో పుస్తకాలు వేసి పోవాలి. సాయంత్రం ఆమె వెళ్లి తెచ్చుకునేది. కాగితాల మీద వైరస్ ఉంటుందని అప్పట్లో అందరికీ భయం. అందుకని ఒక పూటంతా డాబా పిట్టగోడ మీద పరిచి, ఒక్కో పుస్తకం మీద ఒక్కో రాయి పెట్టి ఎండబెట్టేది. ఆ మేడ మీద అప్పడాలు, వడియాల బదులు వరుసగా నోటుపుస్తకాలు. గాలికి పేజీలు రెపరెపలాడుతుంటే పక్కన కూర్చుని పెన్సిల్ చెక్కుకునేది. మర్నాడు పుస్తకాలు మళ్లీ అట్టపెట్టెలోకి పోయేవి. ఒక్కో పుస్తకంలో చివర ఒక మాట రాసేది. "మీ నాయనకు దగ్గు తగ్గిందా?" అని ఒకదాంట్లో చూశాను.

2020 మే నెలలో ఆమె ఉపాధి హామీ పనికి పోయింది. చెరువు పూడిక. కూలి రోజుకు 237 రూపాయలని పేరు, కొలతను బట్టి ఇస్తారు కాబట్టి చేతికి అంత ఎప్పుడూ రాలేదు. మా అమ్మకు సద్ది ఇవ్వడానికి వెళ్లి చూశాను. ముఖానికి కొంగు చుట్టుకుని తట్ట మోస్తోంది. ఆమె దగ్గర చదివిన పిల్లల తల్లులే తట్టలకు మట్టి ఎత్తుతున్నారు. "టీచరమ్మా, మీరు నీడకు కూసోండ్రి, మీ వంతు మేం మోస్తం" అంటే ఒప్పుకోలేదు. పది గంటలకు అందరూ తుమ్మచెట్టు కింద కూర్చున్నారు. తల్లి వెంట వచ్చిన ఒక పిల్లగాడిని పక్కన కూర్చోబెట్టుకుని, రొట్టెకు చుట్టి తెచ్చిన పేపరు ముక్క విప్పి, "చదువు" అంది. వాడు నూనె మరకల మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టాడు. వేలు ఆగిన చోట, మట్టి అంటిన తన వేలు పెట్టింది.

నేను వెనక్కి తిరిగి వచ్చేశాను. పలకరించే ధైర్యం లేకపోయింది.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. మార్చి 24న మళ్లీ మూశారు. చాలామంది ప్రైవేటు టీచర్లు అప్పటికే కూరగాయల బండ్లు, అరటిపండ్ల తోపుడు బండ్లు పెట్టుకున్నారు. ఏప్రిల్ 8న ప్రభుత్వం ఒక మాట చెప్పింది. గుర్తింపు ఉన్న ప్రైవేటు బడుల టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం. ఆ రాత్రి ఎనిమిది గంటల పాఠంలో ఆమె గొంతు వేరుగా ఉందని చెల్లెలు చెప్పింది. మా చెల్లెలు అప్పుడు తొమ్మిదో తరగతి.

రెండు వేలు పెద్ద మొత్తం కాదు. కానీ ఒక ప్రభుత్వం మొట్టమొదటిసారి ఆమెను టీచర్ అని పిలిచి ఇస్తున్న డబ్బు అది. ఆమెకు అదే ముఖ్యం, నాకు తెలుసు.

యూడైస్‌లో పేరు ఉండాలన్నారు. ప్రతి బడీ ఏటా పిల్లల లెక్క, టీచర్ల పేర్లు, వాళ్ల చదువులు నింపి పంపే పట్టిక అది. ఎంఈవో ఆఫీసు గోడకు బడుల వారీగా జాబితాలు అంటించారని తెలిసి, బండి తీసుకుని ఆమె ఇంటికి వెళ్లాను.

"నువ్వెందుకు బిడ్డా, నేను ఆటోల పోయొస్త" అంది.

"ఆటోలెక్కడున్నయి టీచర్? కూసోండి" అన్నాను.

"వద్దు. నువ్వు చదువుకో పో."

అంత గట్టిగా ఎందుకు వద్దంటోందో అర్థం కాలేదు. మొహమాటం అనుకున్నాను. బలవంతంగా ఎక్కించుకున్నాను. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆఫీసు వరండాలో జనం. మాస్కుల పైనుంచి కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. నేను బండి స్టాండు వేసేలోపే ఆమె మా బడి కాగితం వెతికి పట్టుకుంది. వెనక నుంచి చూస్తున్నాను. మాకు నేర్పినట్టే, పేర్ల కింద వేలు పెట్టి ఒక్కో వరుసా దిగుతోంది. ఒకటి, రెండు, మూడు. వేలు ఒకచోట ఆగింది. పక్కకు వెళ్లాను. అంతలోనే ఆమె అరచేయి మొత్తం ఆ వరుస మీద పెట్టేసింది.

"లేదు బిడ్డా. పోదాం పా. ఎండ ఎక్కువుంది."

"చెయ్యి తియ్యండి టీచర్. సరిగ చూద్దాం. సార్ రాసే ఉంటడు."

"లేదన్న గద."

చిన్నప్పుడు ఆమె నా వేలిని పట్టుకుని జరిపినట్టే, ఆమె చేతిని మెల్లగా పట్టుకుని పక్కకు జరిపాను. ఏడో వరుస. సబ్జెక్టు: తెలుగు. అర్హత: బీఏ, బీఈడీ. చేరిన సంవత్సరం: 2015.

పేరు నాది. ఇంటిపేరుతో సహా.

వరండా మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆమె పక్కన కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నాకు తెల్వదు టీచర్."

"నీకు తెల్వదని నాకు తెలుసు బిడ్డా. ఇన్‌స్పెక్షన్‌కు బీఈడీ పేర్లే ఉండాలె. నా చేతిరాత మంచిగుంటదని రిజిస్టర్ నాతోనే రాయిస్తరు. నెల నెలా నీ పేరు రాసేది నేనే." కాసేపాగి, "నీ చదువు మధ్యల ఆగొద్దని చెప్పలే" అంది.

నా చదువు గురించి ఆమె ఎందుకు అంటోందో అప్పటికీ నాకు వెలగలేదు. ఇంటి దగ్గర దించి వెనక్కి వస్తుంటే, చెరువు కట్ట మీద బండి దానంతటదే నెమ్మదించింది.

జీతంలో నెలకు ఐదు వందల కోత. ఏడాదికి పది నెలలు.

ఏటా జూన్‌లో నా చేతికి ఐదు వేలు.