దెయ్యాల తిరనాళ్ళకి పాసులున్నాయా?

తెలుగు అభిమానికి దెయ్యమంటే భయం లేదు, బౌన్సరంటేనే భయం. ఈ ముక్క తెలిసినవాడెవడూ నాయుడుపేటలో హారర్ అభిమానుల మహాసభ పెడదామని కల కూడా కనడు. తెలియని కుర్రాళ్ళు కంటున్నారు. వాళ్ళ తప్పేం లేదు. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉద్యోగం చేసుకునే చిన్నాయన కొడుకు, ఎవరో ఆజానుబాహువు చేత పీక పిసికించుకుంటూ దిగిన ఫొటో వాట్సాప్‌లో పెడతాడు. బస్టాండు ముందర టీ తాగుతా దాన్ని చూసిన మనవాళ్ళు, "ఇట్టాంటిది మనూళ్ళో పెడితే పోలా?" అంటారు.

ఆ ఫొటో కథేమిటంటే, అమెరికాలో దెయ్యాల సినిమాలకని విడిగా సంతలున్నాయి. న్యూజెర్సీ పార్సిపనీలో ‘చిల్లర్ థియేటర్’ పేరుతో ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. డాలస్ వైపు ‘టెక్సస్ ఫ్రైట్‌మేర్ వీకెండ్’ ఉంది. 1979లో మొదలైన ‘ఫాంగోరియా’ అనే దెయ్యాల పత్రిక 80ల్లో జరిపిన సభలు వీటికి పెద్దన్నలు. ఒక హోటలు, హాలునిండా బల్లలు, ఒక్కో బల్ల వెనక ఒక దెయ్యం, లేదా ఆ దెయ్యానికి రంగు పూసినవాడు, లేదా దాన్ని తీసిన దర్శకుడు. సంతకానికింత, ఫొటోకింత అని బల్లమీద అట్టముక్క. అభిమాని డబ్బు కట్టి, వరసలో నిలబడి, తన వంతు రాగానే రెండు నిమిషాలు మాట్లాడి, నవ్వుకుంటూ పోతాడు. ‘ఫ్రైడే ది థర్టీన్త్’ సినిమాల్లో నాలుగుసార్లు జేసన్ ముసుగేసుకున్న కేన్ హాడర్ దగ్గరైతే గొంతు పట్టించుకుని ఫొటో దిగడం ఆనవాయితీ.

పీక పిసికించుకోడానికి పదుల డాలర్లు పోసేవాణ్ణి చూసి నవ్వొచ్చు. తప్పకుండా నవ్వండి. నవ్వడం అయ్యాక, సెల్ఫీ అడిగిన పాపానికి మన హీరోలు కొందరు అభిమాని చెంప పగలగొట్టిన వీడియోలు కూడా ఒకసారి చూడండి. అక్కడ దెబ్బకి రేటుంది, పైగా అది ఉత్తుత్తి దెబ్బ. ఇక్కడ నిజం దెబ్బ, పూర్తిగా ఉచితం. తిన్నవాడు మర్నాడు మైకు ముందుకొచ్చి "మా అన్న చెయ్యి తగలడం నా అదృష్టం" అంటాడు. ఇంత చవగ్గా దొరికే సరుకుని బల్లేసి అమ్మితే కొనేదెవరు?

తెలుగువాణ్ణి మించిన సినిమా అభిమాని భూమ్మీద లేడని మనకో గొప్ప. ప్రతి సభలోనూ మైకు దొరికిన ప్రతివాడూ ఈ మాట అంటాడు, కింద ఈలలు పడతాయి. ఆ అభిమాని నిరుడూ ముందటేడూ ఏం చేశాడో చూద్దాం. 2024 సెప్టెంబరు 22న హైదరాబాద్‌లో ‘దేవర’ సభ పెడితే హాలు పట్టనంత జనం వచ్చి, అద్దాలు పగిలి, సభే రద్దయింది. అదే ఏడు డిసెంబరు 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర ‘పుష్ప 2’ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె బిడ్డ నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. వ్యంగ్యం రాసేవాడికి కూడా అక్కడ కలం ఆగుతుంది. మళ్ళీ ఏడాది తిరిగేసరికి, 2025 డిసెంబరులో, హైదరాబాద్‌లోని ఒక మాల్‌లో ‘ది రాజాసాబ్’ పాట విడుదల జరిగింది. అది దెయ్యాల సినిమా. సభ ముగిసి కథానాయిక నిధి అగర్వాల్ కారు దాకా చేరడానికి పడ్డ యాతన దేశమంతా ఫోన్లలో చూసింది. ఆ సినిమాలో ఎన్ని దెయ్యాలున్నా ఆ పిల్లని అంత భయపెట్టి ఉండవు. 2017లో ‘ఆనందో బ్రహ్మ’ అని ఒక సినిమా వచ్చింది గుర్తుందా? అందులో దెయ్యాలే మనుషుల్ని చూసి వణుకుతాయి. అందరూ దాన్ని కామెడీ అనుకున్నారు.

సరే, కుర్రాళ్ళ వాదన కూడా వినాలి గదా. "మన చుట్టుపక్కల ఏం తక్కువ?" అంటారు. నిజమే, తక్కువేం లేదు. చెన్నై-కలకత్తా రోడ్డు మన ఊరిమీదుగానే పోతుంది, తిరుపతి రోడ్డు ఇక్కడే చీలుతుంది. అరగంట దక్షిణంగా పోతే సూళ్ళూరుపేట. అక్కడ 2019 ఆగస్టులో ‘సాహో’తో పాటు తెరిచిన థియేటర్ ఉంది, నూరడుగుల పైచిలుకు వెడల్పని చెప్పుకునే తెర. చెన్నై నుంచి తమిళ కుర్రకారు కార్లేసుకుని రాష్ట్రం దాటి వచ్చి మరీ సినిమా చూసి పోతారు. ఇంకాస్త పక్కకి పోతే శ్రీహరికోట. రాకెట్ చూసేవాళ్ళు అక్కడ ఆగుతారు, బొమ్మ చూసేవాళ్ళు సూళ్ళూరుపేటలో ఆగుతారు. నాయుడుపేటలో మాత్రం టైరు పంక్చరైనవాళ్ళు ఆగుతారు. మాకూ ఒక దెయ్యం కావాలన్న ఆశలో ఆ పాటి న్యాయం ఉంది. 2022 దాకా నెల్లూరు జిల్లా అన్నారు, ఆ ఏప్రిల్లో తిరుపతి జిల్లా అన్నారు. ఏ జిల్లా వాళ్ళమో గుర్తుపెట్టుకోడానికే తంటాలు పడే ఊరికి ఒక గుర్తింపు దొరికితే మంచిదే.

కానీ ఆ శ్రీహరికోటని చూసైనా ఒక సంగతి నేర్చుకోవచ్చు. 2019 నుంచి రాకెట్ ఎగరడం జనం కళ్ళారా చూడ్డానికి అక్కడ గ్యాలరీ కట్టారు. ముందుగా పేరు నమోదు చేసుకుంటారు, గుర్తింపు కార్డు చూపిస్తారు, కూర్చుంటారు, చూస్తారు, లేచి ఇళ్ళకి పోతారు. వందల టన్నుల మంటల యంత్రం ముందర వేలమందిని క్రమంగా కూర్చోబెట్టగలిగిన ఈ గడ్డమీదే, ఒక నల్ల కళ్ళద్దాల మనిషి కారు దిగితే రెండొందల మందిని నిలబెట్టడం ఎవరివల్లా కావడం లేదు. ఎందుకంటే రాకెట్‌కి అభిమాన సంఘం లేదు. ‘రాష్ట్ర గౌరవాధ్యక్షుడు’ అని ఫ్లెక్సీ వేయించుకుని, పాసులు పంచి, సగం తనవాళ్ళకే ఉంచుకునే పెద్దమనిషి రాకెట్‌కి లేడు.

ఇక అతిథుల జాబితా. మొదటి కుర్చీ రాంగోపాల్ వర్మది, అందులో తగువు లేదు. 1992లో ‘రాత్రి’ తీసి తెలుగువాడికి సొంతింటి మెట్లన్నా భయం పుట్టించాడు. ఆ సినిమాకి కెమెరా పట్టింది తర్వాత ‘చిత్రం’, ‘జయం’ తీసిన తేజ. అది ఎంతమందికి తెలుసో మహాసభకి వచ్చేవాళ్ళని అడిగి చూడాలి. వర్మే 2008లో ‘ఫూంక్’ తీసి, థియేటర్లో ఒంటరిగా కూర్చుని చూసినవాడికి అయిదు లక్షలిస్తామని చాటింపు వేయించాడు. ఈ ఎత్తుకి తాత 1958లోనే ఉన్నాడు. విలియం కాజిల్ అనే అమెరికా నిర్మాత ‘మకాబర్’ సినిమా చూసి భయంతో చచ్చిపోతే వెయ్యి డాలర్ల బీమా ఇస్తానన్నాడు. కాజిల్ చచ్చినవాడికి డబ్బిస్తానన్నాడు, మనవాడు బతికి బయటపడ్డవాడికిస్తానన్నాడు. ఆ మేరకు మనమే దయగలవాళ్ళం.

రెండో కుర్చీ ఖాళీగా ఉంచాలి, విఠలాచార్య కోసం. ఆయన 1999లో పోయారు గాని, దెయ్యాల సభ కాబట్టి వచ్చినా రావచ్చు. ఉడుపి వైపు నుంచి వచ్చిన కన్నడ మనిషి. తెలుగు దెయ్యానికి తెల్లచీర కట్టి, కాళ్ళని పొయ్యిలో కట్టెల్లా పెట్టి వంట చేయించినవాడు. 1978 ‘జగన్మోహిని’లో ఆ సీను చూసినవాళ్ళు ఈ రోజుకీ గ్యాస్ అయిపోయినప్పుడు దాన్ని తలుచుకుంటారు. ఆ సినిమాల్లో అస్థిపంజరాలు ఆడేవి, గద్దలు మాట్లాడేవి, కత్తులు వాటంతటవే యుద్ధం చేసేవి. వాటికి కట్టిన దారాలు లాగినవాళ్ళెవరు? ఆ వేషాలు కుట్టినవాళ్ళెవరు? ఒక్క పేరు చెప్పండి. నేనూ చెప్పలేను, మీరూ చెప్పలేరు. మనల్ని మించిన అభిమానులు భూమ్మీద లేరు మరి.

అమెరికా సంతకీ మన సభకీ అసలు తేడా ఇక్కడుంది. ఆ కేన్ హాడర్ పోరాటాలు చేసే మనిషి. జేసన్ పాత్రకి మాట లేదు, ముఖం కనపడదు. ముసుగు వెనకున్న మనిషి ఊపిరి పీల్చే తీరుని బట్టి వాళ్ళు ఆరాధిస్తారు. టామ్ సవీనీ అని మరొకాయన, 1978 ‘డాన్ ఆఫ్ ది డెడ్’కి గాయాలూ రక్తాలూ తయారుచేసిన మేకప్ మనిషి. వియత్నాం యుద్ధంలో ఫొటోలు తీసే సైనికుడిగా నిజం గాయాల్ని చూసొచ్చినవాడు. ఆయన బల్ల ముందర జనం బారులు తీరతారు. మేకప్ మనిషి కోసం బారు! మన దగ్గర మేకప్ మనిషిని ఎవరైనా వెతికారంటే అది హీరోగారి చెమట తుడవడానికే.

మనకీ ఒక జేసన్ ఉన్నాడు, అతనికి గొంతుంది, ముఖం లేదు. 2009 సంక్రాంతి రోజుల్లో వచ్చిన ‘అరుంధతి’లో పశుపతి శరీరం సోనూ సూద్‌ది, గొంతు పి. రవిశంకర్‌ది. సాయికుమార్ తమ్ముడు. కన్నడంలో ఆయన పేరున్న ప్రతినాయకుడు కూడా. బొమ్మాళీ అన్న ఆ పిలుపుని పదిహేనేళ్ళకి పైగా తెలుగు పిల్లకాయలు బడిలో, తమిళ పిల్లకాయలు డబ్బింగులో అనుకరిస్తూనే ఉన్నారు. ఆ గొంతుగల మనిషి నాయుడుపేట రైల్వే స్టేషన్లో దిగి నోరు విప్పకుండా నడిచిపోతే ఎంతమంది తల తిప్పి చూస్తారు? నిజమైన హారర్ మహాసభ పెడితే అన్నిటికన్నా పొడవైన వరస ఆయన బల్ల ముందే ఉండాలి. పక్క బల్ల ‘తులసిదళం’తో ఒక తరాన్ని రాత్రిళ్ళు దీపం ఆర్పనివ్వని యండమూరిది. ఆ పక్కది 2022 ‘మసూద’లో ఒంటిమీదికి దెయ్యాన్ని తెచ్చుకుని, గొంతూ వెన్నూ వంచి చూపించిన బాంధవి శ్రీధర్‌ది. ఇట్టాంటి సభ జరిగితే నేనే డబ్బు కట్టి పోతాను. ఎవరైనా మెడ పట్టుకున్నా ఏమీ అనను.

జరగదు. జరగబోయేదేమిటో నేను చెప్తాను. ముందు ముహూర్తం పెట్టాలి. అమావాస్య రోజున దెయ్యాల సభ బ్రహ్మాండంగా ఉంటుందని ఎవడో చదువుకున్న కుర్రాడు అంటాడు, పెద్దలు వాడి నోరు మూయిస్తారు. రాహుకాలం దాటాక, మంచి నక్షత్రం చూసి, దెయ్యాలకి శుభలేఖలు వేస్తారు. సూళ్ళూరుపేట చెంగాళమ్మకి ముందుగా మొక్కుకుంటారు. ఇస్రో పెద్దలే రాకెట్ ఎగరేసే ముందు ఆ తల్లికి దండం పెట్టుకుంటారు, దెయ్యాలవాళ్ళు పెట్టుకుంటే తప్పేముంది. వేదిక చుట్టూ నిమ్మకాయలు, మిరపకాయలు. దిష్టికి గుమ్మడికాయ. దెయ్యం సినిమా తీసేవాళ్ళే షూటింగు అయిపోగానే గుమ్మడికాయ కొడుతుంటే అభిమానులు కొట్టకుండా ఉంటారా. ఇంత కాపలా దాటుకుని లోపలికి రాగల దెయ్యమేదైనా ఉంటే దాన్ని సన్మానించాల్సిందే.

చోటు గురించి కూడా తగువొస్తుంది. 2024లో ‘గీతాంజలి మళ్ళీ వచ్చింది’ బృందం టీజర్‌ని బేగంపేట శ్మశానంలో విడుదల చేస్తామని ప్రకటించింది గదా, మనం స్వర్ణముఖి ఒడ్డున చేద్దామంటాడొకడు. ఆ ప్రకటన మనకి సరిగ్గా సరిపోయింది. సినిమా భయపెడుతుందన్న నమ్మకం చాలనప్పుడు శ్మశానాన్ని అద్దెకి తెచ్చుకోవాల్సి వస్తుంది. అదీగాక 2013 ‘ప్రేమకథాచిత్రమ్’ ఆడినప్పటి నుంచి మన దెయ్యానికి సొంత ఇల్లు లేదు. నలుగురు హాస్యగాళ్ళు ఉండే ఇంట్లో పక్కగదిలో ఉంటుంది. వాళ్ళు అరిచినప్పుడు కనపడాలి, పాటప్పుడు తప్పుకోవాలి. ‘పొలిమేర’, ‘విరూపాక్ష’ లాంటివి ఎప్పుడో ఒకటి దానికి మళ్ళీ పరువు తెచ్చిపెట్టినా, మరుసటి శుక్రవారానికి అది పక్కగదికే పోతుంది.

కుర్చీల దగ్గరికొచ్చేసరికి అసలు దెయ్యం బయటపడుతుంది. మొదటి వరస ప్రజాప్రతినిధులకి, రెండోది వాళ్ళ బామ్మర్దులకి, మూడోది అభిమాన సంఘాలకి. సంఘాలు రెండుంటాయి కాబట్టి మధ్యన పోలీసులకో వరస. డైరెక్టరు, కెమెరా మనిషి, రచయిత వేదిక చివర ప్లాస్టిక్ కుర్చీల్లో. వాళ్ళకి మైకు వచ్చేసరికి కింద "అన్నని మాట్లాడనీయండి" అని అరుపులు. ఆ అన్న ఏ దెయ్యం సినిమాలోనూ నటించి ఉండడు. అయినా ముఖ్య అతిథి ఆయనే, ఎందుకంటే ఆయన రాకపోతే జనం రారు, జనం రాకపోతే బామ్మర్దులు రారు. ఆయన మాట్లాడి, చెయ్యూపి, తొక్కిసలాటకి తగినంత సందు చూసి వెళ్ళిపోతాడు.

సాయంత్రం ఆరవుతుండగా చెన్నై బస్సు దిగి ఒకామె గేటు దగ్గరికి వస్తుంది.

"ఎవురమ్మా నువ్వు?"

"దెయ్యం వేషమేసింది నేనేనయ్యా. పిలిస్తే వచ్చినా."

"పాసుండాదా?"

"లేదు."

"అన్నకేమన్నా చుట్టమా?"

"కాదు."

"అట్టయితే ఆ కట్టెల అవతలికి పోయి నిలబడు. అన్న కారొస్తా ఉండాది. ఒకర్నొకరు తొయ్యబాకండి."