స్కానర్ మామ

ఎమ్మిగనూరులో, మా వీధిలో, ఎవరి కారు బానెట్ లేచినా దాని కిందికి ముందు దూరేది మా మేనమామ తల. బండి ఓనరు తల ఆ తర్వాత. మెకానిక్ తల ఆఖర్న, అదీ మామ కాస్త జరిగి చోటిస్తే.

మామ నిజానికి పత్తి మనిషి. ఆదోని మార్కెట్ యార్డులో ఒక కమీషన్ ఏజెంటు దగ్గర ముప్పై ఏళ్లు గుమాస్తాగిరీ. కుప్పలో చెయ్యి పెట్టి గుప్పెడు పత్తి లాగి, పింజ సాగదీసి, రెండు వేళ్ల మధ్య నలిపి, తేమ ఎంతో, పొడవెంతో చెప్పేసేవాడు. రైతు కళ్లనీళ్లు పెట్టుకున్నా, సేటు మూతి ముడుచుకున్నా ఆ మాటకు తిరుగులేదు. పని మానేసి ఇంటికొచ్చాక నలపడానికేమీ దొరక్క ఆ వేళ్లు అల్లాడుతుంటే, బెంగళూరులో ఉండే కొడుకు ఒక నీలం డబ్బా పంపాడు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. స్టీరింగ్ కింద సాకెట్‌లో గుచ్చి ఫోన్‌కు బ్లూటూత్ కలిపితే, కారు కంప్యూటరు దాచుకున్న కోడ్లు తెర మీదికొస్తాయి. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లకు ఈ సాకెట్ తప్పనిసరి. భారత్ స్టేజ్ నిబంధనల వెంట మన దగ్గరికీ వచ్చింది. ఈ చరిత్రతో మామకు పనిలేదు. ఆయనకు మళ్లీ ఒక యార్డు దొరికింది, అంతే.

డాష్‌బోర్డు మీద పసుప్పచ్చగా వెలిగే ఇంజను బొమ్మ చూశారు కదా, కుళాయి తగిలించిన బిందెలా ఉంటుంది. అది ఎవరి బండిలో వెలిగిందని తెలిసినా మామ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చేస్తాడు. ఊరికే ఆడిపోసుకోకూడదు, ఆయన మాటల్లో మేలిమివీ ఉంటాయి. లైటు నిలకడగా వెలుగుతుంటే నిదానంగా షెడ్డు దాకా పోవచ్చు; టపటపా కొట్టుకుంటే మాత్రం పక్కకు ఆపేయాలి, ఇంజను మిస్సింగు కొడుతూ కాలని పెట్రోలును పొగగొట్టంలోకి తోసి అక్కడి కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. ఇది మామ నోటనే విన్నాను. నేను పాత కారు కొనేటప్పుడు చెప్పింది మరీ ముఖ్యం.

"తాళం తిప్పినప్పుడు అన్ని లైట్లతో పాటు ఆ లైటూ రావాల అల్లుడా. బండి స్టార్టయినాక పోవాల. మొదట్నే రాలేదనుకో, అమ్మేటోడు దాని నోరు మూసినాడని లెక్క. ఆ బండి ముట్టుకోవద్దు."

నా కారు ఆ పరీక్ష నెగ్గింది. మామ చేతిలో పడేదాకా దానికి ఏ రోగమూ లేదు.

కార్తీకమాసం. ఆదోనిలో జిన్నింగు మిల్లులు జోరుగా ఆడే కాలం. పత్తి లారీలు పోయిన దారంతా ముళ్లకంపకు దూది వేలాడుతుంటుంది. "నీ ఫిల్టరు పరుపైపోయింటాది" అంటూ ఒక ఆదివారం మామ నా కారు గాలి ఫిల్టరు డబ్బా ఊడదీశాడు. దులిపాడు, బిగించాడు. కూలి ఒక ప్లేటు ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. మూడోనాడు లైటు వెలిగింది. బండి ఆపి ఉంచితే ఇంజను మలేరియా రోగిలా వణకడం మొదలుపెట్టింది.

మామ నీలం డబ్బా గుచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "పీ0171" అని చదివాడు. "మిక్చర్ సరిగా లేదు."

"నిన్న తెచ్చిందేనారా? మెత్తబడిపోయిందిలే" అంది మా అమ్మ, ఆయన అక్క, లోపల్నుంచి.

ఈ మిక్చర్ వేరు. ఒక గ్రాము పెట్రోలు సరిగ్గా కాలాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు వాసన చూసి, గాలి ఎక్కువైతే 'పలుచన', పెట్రోలు ఎక్కువైతే 'చిక్కన' అని కంప్యూటరుకు చేరవేస్తుంటుంది. కంప్యూటరు దాన్ని బట్టి పెట్రోలు పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. పోసి పోసి, చాలా బండ్లలో పాతిక శాతం దరిదాపుల్లోకి వచ్చాక, ఇక నావల్ల కాదని లైటు వేస్తుంది. 171 అంటే ఆ మొర. 172 అయితే దానికి తిరగబడిన మొర. చారు పలుచనైందని చెబుతుందే గానీ నీళ్లెవరు పోశారో చెప్పదు. మామకు మాత్రం ఫిర్యాదులోనే ముద్దాయి పేరు కనబడుతుంది.

మొదటి ముద్దాయి పెట్రోలు. "సిరుగుప్పలో పోయించినావా?" పోయించాను, కర్ణాటకలో రేటు తక్కువ, ఈ వైపు జనమంతా అదే పని. "అదే మరి!" అన్నాడు. అక్కడి పెట్రోలుకూ ఇక్కడిదానికీ తేడా ఏమిటని అడిగితే ఇథనాలు మీదికి దూకాడు. ఇథనాలులోనే ఆక్సిజన్ ఉంటుంది గనక మిశ్రమం కొంత పలుచనవుతుంది, నిజమే. ఇరవై శాతం కలిపితే 14.7 కాస్తా 13.5 దగ్గరికి దిగుతుంది. ఆ మాత్రం తేడాను కంప్యూటరు సర్దుకోగలదు. వీధిలో అందరూ అదే పెట్రోలు పోయిస్తుంటే నా బండికే ఎందుకు లైటన్నది మామ వినిపించుకోలేదు.

రెండో ముద్దాయి ఆక్సిజన్ సెన్సరు. చెడు కబురు తెచ్చాడని పోస్టుమ్యాన్‌ను మార్చినట్టు దాన్ని మార్పించాడు. నాకు మూడువేల ఎనిమిది వందలు వదిలాయి. ప్రతి వైద్యం తర్వాతా మామ ఫోన్లో కోడ్ చెరిపేసి, "పాయె!" అని చేతులు దులుపుకుని వెళ్లేవాడు. రెండు మూడు రోజులకు అది మళ్లీ వచ్చేది. బోర్డు మీద లెక్క తుడిచేస్తే అప్పు తీరదు కదా.

మూడోది పెట్రోలు పంపు అన్నాడు. దాని ధర విన్నాక నా బుర్ర పనిచేసింది. ఆ ఫోన్లో కోడ్ పక్కనే ఇంకో పేజీ ఉంది, కంప్యూటరు ఎంత శాతం పెట్రోలు అదనంగా పోస్తోందో చూపించేది. మామ దాన్ని 'అంకెల పేజీ' అని ఎప్పుడూ తెరవడు. నేను తెరిచాను. బండి ఆపి ఉంటే 24. ఆదోని రోడ్డు మీద అరవైలో పోతుంటే 5. పంపు నీరసిస్తే కథ తలకిందులుగా ఉండాలి. బండి లాగేకొద్దీ అంకె పెరగాలి. ఇదెక్కడో ఇంజను దొంగతనంగా గాలి పీలుస్తున్న లక్షణం. నలుగురికి కాచిన చారులో చెంబుడు నీళ్లు పడితే నాలుక పట్టేస్తుంది. పెండ్లి గుండిగలో పడితే ఎవరికి తెలుస్తుంది?

ఆదోనిలో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. మామా వచ్చాడు, వద్దంటే ఆగుతాడా. అక్కడ ఇరవై ఏళ్లు కూడా నిండని కుర్రాడు. మామ పావుగంట సేపు కేసు వివరించాడు. కుర్రాడు తల ఊపుతూ అంతా విని ఒక్క మాట అడిగాడు.

"ఆఖరికి ఈ ఫిల్టరు డబ్బా ఎవురు ఇప్పినారు పెద్దాయనా?"

మామ రణమండల కొండ వైపు చాలాసేపు చూశాడు. ఆంజనేయస్వామి కూడా ఆ పూట సాక్ష్యానికి రాలేదు.

డబ్బా కింద, చిటికెన వేలంత వ్యాక్యూమ్ పైపు. సగమే దూరి, సగం బయటే ఉంది. చెవి దగ్గర పెడితే 'సుయ్' మంటోంది. కుర్రాడు చెయ్యి పెట్టబోతే మామ అడ్డుపడి, ఆ పైపును తానే లాగి, రెండు వేళ్ల మధ్య నలిపాడు, అచ్చం పింజలాగా.

"రబ్బరు మెత్తబడింది. గాలి యాడో దూరుతాండాదని నేను మొదట్నుంచీ అంటాండా!"

కుర్రాడు పైపు నిండా దూర్చి క్లిప్పు వేసి యాభై రూపాయలు తీసుకున్నాడు. 24 కాస్తా 3 అయింది. సాయంత్రానికి మా వీధికి తెలిసిన కథేమిటంటే, పెద్ద పెద్దోళ్లకు అందని రోగాన్ని మామ వేలితో పట్టాడని, ఆదోని కుర్రాడు క్లిప్పు మాత్రం వేశాడని.

జనవరిలో నీలకంఠేశ్వరుడి జాతరకు చుట్టాల బండ్లు వచ్చి వీధి ఇరుకైంది. తన కారు కాస్త పక్కకు తియ్యమని అరుగు మీద నుంచే మామ తాళాలు విసిరాడు. ఆ సీట్లో నేను కూర్చోవడం అదే మొదలు. తాళం తిప్పాను. బ్యాటరీ వచ్చింది, ఆయిల్ వచ్చింది, హ్యాండ్ బ్రేకు వచ్చింది. బిందె రాలేదు.

వంగి చూశాను. దసరా ఆయుధపూజకు పెట్టిన గంధం, దాని మీద కుంకుమ, బొటనవేలంత మందాన ఎండి అంటుకుపోయి ఉన్నాయి. బొట్టు అంచున సన్నగా, పసుప్పచ్చగా ఏదో మిణుకుతోంది. గోరు పెట్టబోయాను.

"ఏయ్, దాని జోలికి పోవద్దు అల్లుడా!" అరుగు మీద నుంచి కేక. "అమ్మవారి బొట్టది. మళ్లీ దసరాకే కడిగేది."