తోటరాముడు చొరబడితే ప్రేమ

పాత సినిమా అంటే చూసేవాడికి మోకాళ్ల నొప్పులు మొదలుకాక ముందు వచ్చిన సినిమా. ఆ తర్వాత వచ్చినవన్నీ కొత్తవి, కనుక చెత్తవి. ఈ రెంటినీ పోల్చడానికి తెలుగునాట ఒక పద్ధతి స్థిరపడింది. పాత పక్షం నుంచి 1957 నాటి ‘మాయాబజార్’ని దింపుతారు. కొత్త పక్షం నుంచి శుక్రవారం విడుదలై సోమవారానికి ఎత్తేసినదాన్ని దింపుతారు. ఆ రోజుల్లోనే మట్టిగొట్టుకుపోయిన సినిమాల్ని బరిలోకి ఎవరూ పిలవరు. కాలం ఊడ్చిపెట్టిన వాకిలి చూసి అప్పట్లో దుమ్మే లేదనుకోవడం ఈ శాస్త్రానికి పునాది.

అభియోగాల్లో మొదటిది, అమ్మాయి వెంటపడటం. ఇప్పటి హీరో కాలేజీ గేటు దగ్గర నిలబడితే చాలు, సంస్కృతి అక్కడికక్కడే కుప్పకూలుతుంది. ‘పాతాళభైరవి’ (1951)లో తోటమాలి కొడుకు తోటరాముడు రాజకుమారి కోసం కావలివాళ్ల కళ్లుగప్పి ఏకంగా కోటలోకే చొరబడతాడు. అది జానపదం కాబట్టి కేసు లేదు. రెండోది మందు. దేవదాసు (1953) తాగితే విషాదం, అర్జున్ రెడ్డి (2017) తాగితే యువత నాశనం. ఇద్దరూ కోరుకున్న పిల్ల దూరమయ్యాకే సీసా పట్టారు. కుక్కయినా ఇద్దరికీ ఉంది.

సొంత కథల కరువనే మాట కూడా వినిపిస్తుంది. ‘మిస్సమ్మ’ (1955)కి మూలం బెంగాలీ రచనలు, ‘గుండమ్మ కథ’ (1962)కి కన్నడ సినిమా. ఇక నిడివి సంగతి: ‘మాయాబజార్’ మూడు గంటలు నడిస్తే నిండుదనం, ‘పుష్ప 2’ నడిస్తే సాగదీత. అంతా గ్రాఫిక్సే అని విసుక్కునేవాళ్లు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే స్టూడియోలో కాయించిన వెన్నెలను మాత్రం అసలు చంద్రుడి ఖాతాలో వేస్తారు.

కొత్త పక్షం అజ్ఞానమూ తక్కువదేం కాదు. పాన్ ఇండియా తమతోనే పుట్టిందని దాని నమ్మకం. ‘పాతాళభైరవి’ తమిళం, హిందీల్లోకీ వెళ్లింది. ‘మాయాబజార్’ తమిళంలో డబ్బింగ్‌తో సరిపెట్టుకోలేదు. అక్కడ అభిమన్యుడు అక్కినేని కాదు, జెమినీ గణేశన్.

నిజమైన తేడా ఉన్నచోట రెండు పక్షాలూ ఆగవు. ‘గుండమ్మ కథ’లోని ఒక పాటలో ఎన్టీఆర్ పనివాడు అంజిగా నిక్కరు వేసుకుని, సావిత్రి పక్కన కూర్చుని రుబ్బురోలు తిప్పుతాడు. అయిదేళ్ల ముందే ‘మాయాబజార్’లో కృష్ణుడై దండాలు పెట్టించుకున్న మనిషి. పిండి రుబ్బడం తప్ప ఆ పాటలో ఆయన చేసే ఘనకార్యం ఏమీ లేదు. హుషారంతా ఇద్దరి చూపుల్లో, ఆ తిప్పే చేతుల్లో. ఇదే ఇప్పుడైతే ముందు బూటు, తర్వాత మెడ వెనక భాగం కనిపించాలి. పొత్రం స్లో మోషన్‌లో గాల్లోకి లేవాలి. వెనక కోరస్ సంస్కృతంలో గర్జించాలి. పిండి సంగతి సీక్వెల్‌లో.

దీనికి దర్శకుల తెలివితక్కువతనం ఒక్కటే కారణం కాదు. పాత సినిమాకు, బాగుంటే, వంద రోజుల ఆట ఉండేది. మొదటివారం మామూలుగా ఉన్నా, చూసినవాళ్లు ఊరంతా చెప్పి జనాన్ని పంపేవారు. ఇప్పుడు పెట్టుబడంతా మొదటి మూడు రోజుల్లోనే రావాలి. వసూళ్ల పోస్టరు సినిమా కంటే ముందే తయారవుతుంది. తెల్లవారుజామున బెనిఫిట్ షోకి వచ్చినవాడు కాగితాలు చల్లడానికి వచ్చాడు, కథ వినడానికి కాదు. అతని చేతిలో కాగితాలు అయిపోకముందే హీరో రావాలి, మళ్లీ మళ్లీ రావాలి. అందుకే ఇంటర్వెల్ దాకా హీరో వస్తూనే ఉంటాడు.

అయితే పాత సినిమా హోదాకు పట్టే గడువు ఈ మధ్య బాగా తగ్గింది. 2006లో వచ్చిన ‘పోకిరి’ 2022లో మళ్లీ థియేటర్లకొచ్చి, క్లాసిక్‌లకు జరిగే మర్యాదలన్నీ అందుకుంది. అంటే పదహారేళ్లు. ఈ శుక్రవారం వచ్చేది అప్పటిదాకా చెత్త కిందే లెక్క.